అగ్గిపుల్ల వెలగని గది

2023 అక్టోబరు. ఢిల్లీలో దసరా నవరాత్రులు నడుస్తున్నాయి. సాకేత్‌లో ఒక మాల్ వెనక సందులో, రెండో అంతస్తులో ఉన్న చిన్న ట్రావెల్ కంపెనీలో నేను ఆపరేషన్స్ డెస్క్ చూస్తాను. టూర్లు అమ్మేవాళ్ళు వేరు, మేం వేరు. వాళ్ళు మంచి మంచి ఫొటోలు చూపించి జనాన్ని విమానం ఎక్కించేస్తారు. ఎక్కినవాళ్ళకి అక్కడ పెరుగు దొరక్కపోయినా, పాస్‌పోర్టు పోయినా ఫోన్ మోగేది నా బల్ల మీద. ఈ పనిలో తల నెరిసింది కానీ నోరు మాత్రం మెత్తబడలేదు. మా రాకేశ్ నన్ను వెనకాల "మిర్చీ మేడమ్" అంటాడని నాకు తెలుసు. నా పక్క బల్ల మీద వీసాల పని చూసేది అతనే.

మా కంపెనీకి కాస్తో కూస్తో పేరు తెచ్చింది ద్రాక్షతోటల టూర్లు. అందులోనూ సిసిలీ. పటంలో బూటు కాలిలా కనిపించే ఇటలీకి, కాలి కొన దగ్గర ఉన్న పెద్ద ద్వీపం అది. ఎండకి కొదవ లేదు. పడమటి వైపు సముద్రపు ఒడ్డున ఉప్పు మడులు, వాటి పక్కనే మర్సాలా అనే తియ్యటి వైన్ చేసే ఊళ్ళు. తూర్పున ఎట్నా అగ్నిపర్వతం. దాని వాలు మీద నల్లరాళ్ళతో గట్లు కట్టి, అంచెలంచెలుగా తోటలు వేశారు. మన దగ్గరలాగా పందిళ్ళు ఉండవు. ఒక్కో తీగా ఒక్కో పొదలాగా తన కాళ్ళ మీద తాను నిలబడుతుంది. కొండ మీద చలి కాబట్టి అక్కడ కోత ఆలస్యం, అక్టోబరులో. కోతల్లో చూడాలంటే అప్పుడే వెళ్ళాలి.

నేను ఒకసారి ఫామ్ ట్రిప్‌కి వెళ్ళాను. ఫామ్ ట్రిప్ అంటే, మాలాంటి ఏజెంట్లకి తమ చోటు చూపించడానికి అక్కడివాళ్ళే పిలిచే ప్రయాణం. అప్పుడు ఒక తోట యజమాని మమ్మల్ని వైన్ తయారయ్యే గదిలోకి తీసుకెళ్ళాడు. ద్రాక్షరసం పులుస్తున్నప్పుడు, దాన్నే ఫెర్మెంటేషన్ అంటారు, దోసెలపిండి పొంగినట్టు తొట్టెలోది పొంగుతుంది. ఆ పొంగులోంచి వచ్చేది కార్బన్ డయాక్సైడ్. రంగు లేదు. గాలికంటే బరువు. నీళ్ళలాగే పల్లానికి పోయి అడుగున నిలబడుతుంది. ఆయన ఒక కొవ్వొత్తి వెలిగించి తీగకి కట్టి తొట్టెలోకి దించాడు. సగానికి దిగిందో లేదో, ఎవరో నోటితో ఊదినట్టు ఆరిపోయింది. "మంట ఆరిన చోట మనిషీ ఆరిపోతాడు, ఆగి ఆలోచించకు" అన్నాడు. మేమంతా ఫొటోలు తీసుకున్నాం, నవ్వుకున్నాం, వైన్ తాగడానికి పైకెళ్ళాం.

ఆ దసరాకి మేం పంపినవాళ్ళలో అన్నపూర్ణ గారు, ప్రకాశరావు గారు ఉన్నారు. సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో ఉంటారు. ఆయన కేంద్ర ప్రభుత్వంలో నేలల సర్వే చూసే అధికారి, రిటైర్మెంట్‌కి దగ్గర పడ్డారు. అగ్నిపర్వతపు మట్టిలో ద్రాక్ష ఎలా పండుతుందో కళ్ళారా చూడాలన్నది ఆయన కోరిక. ఆవిడది తెనాలి వైపు. మా ఆఫీసుకి మొదటిసారి వచ్చినప్పుడే నా ఇంటిపేరు, ఊరు, పెళ్ళయిందా లేదా అన్నీ కనుక్కుని, "అయితే నువ్వు మా వైపు పిల్లవే" అని తేల్చేశారు. ఆ రోజు నుంచి ఆవిడకి నేను "అమ్మాయ్", నాకు ఆవిడ ఆంటీ, ఆయన అంకుల్.

ఇటలీలో దిగిన దగ్గర్నుంచీ ఫోన్లే ఫోన్లు. "అమ్మాయ్, బాత్‌రూమ్‌లో మగ్గు లేదు." "అమ్మాయ్, ఇక్కడ అన్నం సగమే ఉడికిస్తున్నారు, పొయ్యి మీద ఇంకాసేపు ఉంచమని చెప్పు." నేను విసుక్కునేదాన్ని, మళ్ళీ నేనే వాళ్ళ గైడ్ సాల్వోకి ఫోన్ చేసి చెప్పేదాన్ని. సాల్వో డ్రైవరూ గైడూ కూడా. మంచివాడు, ఓపికమంతుడు.

ఎట్నా వాలు మీద ఒక తోటలోనే వాళ్ళ బస. మొదటి పొద్దున ఆవిడ గదిలో దీపం పెట్టి అగరొత్తులు వెలిగించారు. పొగ అలారం మోగి ఇల్లంతా లేచింది. ఇంటావిడ కంగారుపడి, గదుల్లో నిప్పు వద్దు, పెట్టుకుంటే బయట పెట్టుకోమంది. ఆంటీ నాకు ఫోన్ చేసి, "నవరాత్రుల్లో దీపం మానేస్తానా? ఈ కొండ మీద బయట పెడితే గాలి ఒక్క నిమిషం ఉండనివ్వట్లేదు" అని వాపోయారు. ఏదో ఒకటి చూడమని సాల్వోకి చెప్పాను. అతను వరండాలో గోడ వారన రాళ్ళు పేర్చి ఇచ్చాడు. రెండు రోజులు బాగానే నడిచింది.

దుర్గాష్టమి నాడు మధ్యాహ్నం నేను డబ్బా విప్పి తింటున్నాను. అక్కడింకా పొద్దున. కింద పార్కులో రామలీల వాళ్ళు మైకులు సరిచూసుకుంటున్నారు. ఆంటీ నుంచి వీడియో కాల్. ఇంకేం కావాలో అనుకుంటూ ఎడమ చేత్తో ఫోన్ ఎత్తాను.

"అమ్మాయ్, ఈ దేశంలో అగ్గిపెట్టెలు కూడా నకిలీవేనా?" అన్నారు ఆవిడ. మొహం చెమటతో మెరుస్తోంది. "సాల్వోని అడిగి మంచి అగ్గిపెట్టె ఎక్కడ దొరుకుతుందో చెప్పు. అష్టమి పూట దీపం నిలవట్లేదు, నాకు ఏడుపొస్తోంది."

"వరండాలో గాలి ఎక్కువుందా ఆంటీ?"

"వరండాలో ఎక్కడ? ఇవాళ గాలి విపరీతంగా ఉంది. వెనకాల పాత రాతి గది ఉంటే దిగాను. నాలుగు మెట్లు కిందకి. ఎవరూ వాడట్లేదు, చల్లగా, నిశ్శబ్దంగా గర్భగుడిలా ఉంది. ఆకు కూడా కదలదు. అయినా చూడు."

ఆవిడ ఫోన్‌ని ఒక చెక్కపెట్టెకి ఆనించారు. మోకాళ్ళ నొప్పుల మనిషి, కింద కూర్చోలేరు, బోర్లించిన ద్రాక్షబుట్ట మీద కూర్చున్నారు. దీపం కుంది నేల మీద ఉంది. ఆవిడ గుండె దగ్గర పెట్టి అగ్గిపుల్ల గీశారు. చక్కగా వెలిగింది.

"ఇక్కడ వెలుగుతుందా? ఇదిగో, కిందకి తెస్తున్నా."

వంగారు. పుల్ల మోకాళ్ళు దాటి దిగగానే మంట పుల్ల మీద నుంచి కొంచెం పైకి లేచి, గాల్లో తేలి, పోయింది. ఆరిన పుల్ల పొగ పైకి పోలేదు. మోకాలి ఎత్తున, పరిచిన దుప్పటిలా, అడ్డంగా పాకింది.

నా నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. తీగకి కట్టిన కొవ్వొత్తి కళ్ళ ముందు ఆడింది. పాతకాలంలో సిసిలీలో వైన్ చేసే రాతి ఇళ్ళని పల్మెంతో అంటారు. పైన తొక్కిన ద్రాక్షరసం వాలుగా కిందకి జారేలా, ఒక గది కింద ఒక గది కడతారు. ఇప్పుడు కింది గది వాడకపోవచ్చు. పై గదిలో కోత ద్రాక్ష పులుస్తూనే ఉంటుంది. ఆ గ్యాసు ఎటు పోతుంది? పల్లానికి. ఆంటీ కూర్చున్న చోటికి.

"ఆంటీ, లేవండి."

"ఏంటమ్మా?"

"లేవండి! ఇంకో మాట వద్దు. దీపం వదిలేయండి. వంగొద్దు. ఫోన్ తీసుకుని మెట్లెక్కి బయటికి రండి!"

ఆఫీసు ఆఫీసంతా నా వైపు తిరిగింది. ఆంటీకి నా గొంతు విని భయం వేసినట్టుంది. "పామా?" అన్నారు. "పామే అనుకోండి, లేవండి" అన్నాను. లేస్తూ గోడ పట్టుకున్నారు. "తల తిరుగుతోందే. ఉపవాసం కదా" అంటున్నారు. పరిగెత్తి వచ్చినవాళ్ళలా ఎగపోస్తున్నారు. ఒక మెట్టు. ఆగారు. "ఆగొద్దు ఆంటీ, మీకు దండం పెడతాను." ఇంకో మెట్టు. చీర కాలికి అడ్డం పడింది. ఫోన్‌లో గోడ, చీకటి, ఆవిడ గాజులు, చివరికి ఒక్కసారిగా వెలుగు.

బయట ఒక రాతి అరుగు మీద కూలబడ్డారు. ఫోన్ ఒళ్ళో పడింది. నాకు ఆకాశం, ఒక పక్కగా ఎర్రబారిన ద్రాక్షాకులు కనిపిస్తున్నాయి. హమ్మయ్య అనుకున్నాను. పై ప్రాణం పైనే పోయి మళ్ళీ వచ్చినట్టనిపించింది. రాకేశ్‌తో, "సాల్వోకి ఫోన్ కలుపు, జల్దీ" అన్నాను.

అప్పుడు వినిపించింది అంకుల్ గొంతు. తోటలో మట్టి చూసుకుంటూ తిరుగుతున్న మనిషి, ఇటు వచ్చారు.

"ఏమైంది పూర్ణా? అలా ఉన్నావేం?"

"దీపం నిలవట్లేదండీ. ఈ అమ్మాయేమో బయటికి రమ్మని ఒకటే అరుపు."

"దీపం ఏదీ?"

"లోపలే ఉండిపోయింది. మీ అమ్మగారి కుంది."

"అంకుల్, వెళ్ళొద్దు!" అని అరిచాను. ఫోన్ చీర మడతల్లో ఉంది. నా మాట ఆయనకి ఎంతవరకు చేరిందో తెలియదు. "ఏం లేదమ్మా, గాలాడని గది, అంతే. కుంది తెచ్చేస్తాను" అన్నారు తాపీగా. చెప్పుల చప్పుడు మెట్లు దిగింది.

ఆ చప్పుడు ఆగిపోవడం నాకు వినిపించింది. మెత్తని బరువు పడిన శబ్దం. ఆ తర్వాత ఇత్తడి కుంది రాతి మీద దొర్లిన చప్పుడు.

"ఏమండీ?" అన్నారు ఆంటీ. జవాబు లేదు. "ఏమండీ!" ఫోన్ చేతిలోకి వచ్చింది, ఆవిడ మొహం నా తెర నిండా ఉంది. గుమ్మం దగ్గరికి వెళ్ళారు. "అయ్యో, పడిపోయారే! బోర్లా పడిపోయారే అమ్మాయ్!"

"ఆంటీ, దిగొద్దు."

"ఏంటి దిగొద్దు?"

"ఆ గదిలో ప్రాణం తీసే గ్యాసు ఉంది. అందుకే మంట ఆరింది. మీరు దిగి ఆయన్ని లేపాలంటే వంగాలి. వంగితే మీరూ అక్కడే పడిపోతారు."

"మా ఆయన అక్కడ పడుంటే నేను గట్టున నిలబడి చూడనా? నువ్వెవతివే నాకు చెప్పడానికి?"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు ఎన్నో తిట్లు పడ్డాయి. ఏదీ ఇలా తగల్లేదు. ఆవిడ అడిగింది నిజం. నేనెవర్ని? వేల మైళ్ళ దూరంలో, పప్పన్నం డబ్బా ముందు కూర్చుని, ఒక భార్యని భర్త దగ్గరికి వెళ్ళొద్దంటున్నాను. నా మాట తప్పైతే? ఆయనకి గుండెపోటై, ఆవిడ దిగితే బతికే అవకాశమే ఉండి ఉంటే? అయినా ఆ అడ్డంగా పాకిన పొగ నా కళ్ళల్లోంచి పోలేదు.

"నేనెవరైనా సరే, దిగొద్దు. మీరు దిగితే ఆయన ఏ గదిలో ఉన్నారో చెప్పేవాళ్ళు కూడా మిగలరు. గుమ్మానికి ఇవతల నిలబడి అరవండి. తెలుగులోనే అరవండి. గొంతు పోయేలా అరవండి!"

పక్కన రాకేశ్, "మేడమ్, ఉఠా నహీ రహా" అంటున్నాడు. కోతల హడావుడిలో సాల్వో ఫోన్ ఎత్తడం లేదు. "ఫిర్ సే కరో భయ్యా, కరతే రహో" అన్నాను.

ఆంటీ ఒక కాలు మెట్టు మీద పెట్టడం నాకు కనిపించింది. కెమెరాలో ఆవిడ పాదం, మెట్టె, నల్ల రాయి. "ఆంటీ" అన్నాను. కాలు అలాగే ఉంది. తర్వాత వెనక్కి వచ్చింది.

అప్పుడు అరిచారు. అలాంటి అరుపు నేను అంతకుముందు వినలేదు, తర్వాతా వినలేదు. "ఓరి నాయనో! రండిరా! ఎవరైనా రండిరా! మా ఆయన్ని తియ్యండిరా!" ఆ కొండ వాలు మీద ద్రాక్ష కోస్తున్నవాళ్ళకి తెలుగు ఒక్క ముక్క రాదు. ఆ కేకకి భాష అక్కర్లేకపోయింది.

రాకేశ్ కలుపుతున్న ఫోన్ సాల్వో ఎత్తాడు. నేను ఫోన్ లాక్కుని ఇంగ్లీషులో, "గ్యాస్. ముసలాయన కింది గదిలో. ఎవర్నీ లోపలికి పోనివ్వకు" అన్నాను. "ఏ గది? ఇక్కడ నాలుగున్నాయి" అన్నాడు రొప్పుతూ. నేను చెప్పలేకపోయాను. "అరుపు వినబడుతోందా?" అన్నాను. "వినబడుతోంది" అన్నాడు. "అటు పరిగెత్తు."

ఆ తర్వాత ఆంటీ ఫోన్ మళ్ళీ కింద పడింది. తెర మీద బూడిద రంగు ఆకాశం. ఇటాలియన్‌లో కేకలు, పరుగులు. ఎవరో దేన్నో గొడ్డలితో కొడుతున్నారు. వాలుకి కట్టిన గది కాబట్టి దిగువ వైపు ద్రాక్షబళ్ళ కోసం ఒక పాత తలుపు ఉందట, ఏళ్ళుగా మూసేసింది. దాన్ని పగలగొట్టారు. నిలవున్న నీళ్ళు తూము తీస్తే పోయినట్టు ఆ గ్యాసు తోటలోకి జారిపోయింది. అప్పుడు గానీ సాల్వో ఎవర్నీ లోపలికి వెళ్ళనివ్వలేదు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నాకు ఆకాశమే. రాకేశ్ నీళ్ళ గ్లాసు ఇచ్చాడు, సగం బల్ల మీదే ఒలకబోశాను. కింద మైకులో ఎవరో "హలో, హలో, చెక్" అంటున్నారు. వాళ్ళ నోరు మూయించాలనిపించింది.

ఎంతసేపో తెలియదు. ఒక దగ్గు వినిపించింది. బొంగురుగా, తెరలు తెరలుగా. దాని వెనకే ఆంటీ ఏడుపు. ఆ ఏడుపులో నాకు అర్థమైంది ఒక్కటే మాట, "కళ్ళు తెరిచారు." నేను బల్ల మీద తల పెట్టేసుకున్నాను. రాకేశ్ వీపు తట్టి, "మిర్చీ మేడమ్, బస్, హో గయా" అన్నాడు. ఆ పేరు నా ఎదుట అనడం అదే మొదటిసారి.

అంకుల్‌కి రెండు రోజులు ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. పడినప్పుడు నుదురు చిట్లి కుట్లు పడ్డాయి. దీపావళి ముందు ఒక ఆదివారం నన్ను భోజనానికి పిలిచారు.

సరోజినీ నగర్ మార్కెట్ జనాన్ని తోసుకుంటూ వెళ్ళేసరికి వాళ్ళింట్లో ఇద్దరు ముగ్గురు ఆఫీసు స్నేహితులు కూడా ఉన్నారు. ఆ తోట వాళ్ళు ఇచ్చిన సీసా ఆంటీ పట్టుచీరల మధ్య చుట్టుకుని క్షేమంగా వచ్చింది. వైన్ గ్లాసులు లేవు, స్టీలు గ్లాసుల్లో పోశారు. నెరెల్లో మస్కలేసే అనే ద్రాక్ష. పలచటి ఎరుపు. మొదట పులుపు, తర్వాత నేరేడుపండు తిన్నట్టు నాలిక మీద వగరు. "ఆ వగరు ద్రాక్షది, ఆ పదును కొండది" అని అంకుల్ ఉత్సాహంగా చెబుతున్నారు. ఆంటీ వాసన మాత్రం చూసి మొహం తిప్పేసుకున్నారు.

"మా పూర్ణ లేకపోతే నేను లేనండీ" అన్నారు అంకుల్ స్నేహితులతో, నుదుటి మచ్చ చూపిస్తూ. "ఆ మోకాళ్ళతో దిగి, నన్ను ఈడ్చుకొచ్చింది."

ఆంటీ చేతిలో పళ్ళెం ఆగింది. నేను తల దించుకున్నాను. ఆవిడ వంటింట్లోకి వెళ్తే, నేనూ వెళ్ళాను.

"ఆయన అలా అనుకుంటున్నారు, నేను కాదనలేకపోయాను" అన్నారు గొంతు తగ్గించి. "రోజూ వింటున్నాను అమ్మాయ్. నేను పైనే నిలబడి ఉన్నాను. ఆయన అక్కడ బోర్లా పడి ఉంటే, నేను మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి తీసుకున్నాను. అది నీకూ నాకూ మాత్రమే తెలుసు."

"నన్ను తిట్టండి ఆంటీ. ఆపింది నేను."

"ఆపింది నువ్వు. ఆగింది నేను కదా."

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, పెరుగు గిన్నె తీసుకుని ముందు గదిలోకి నడిచారు. గిన్నె బల్ల మీద పెట్టి, అందరి ముందూ అన్నారు. "నేను దిగలేదండీ. ఈ అమ్మాయి వద్దంది, నాకూ భయం వేసింది. ఆగిపోయాను. మిమ్మల్ని తీసింది సాల్వో."

ఒకాయన గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. అంకుల్ భార్య వైపు తిరిగారు.

"మరి ఆ అరుపు?" అన్నారు.

"ఏ అరుపు?"

"నాకు కదలడానికి లేదు, కళ్ళు కనబడట్లేదు. 'రండిరా' అని ఒక అరుపు మాత్రం వినబడుతూనే ఉంది. నా పక్కనే నిలబడి అరుస్తున్నావనుకున్నాను. అందుకే నువ్వు దిగావనుకున్నాను." ఆయన కంచం ముందుకి జరిపారు. "దిగలేదా? పోనీలే. దిగుంటే ఆ అరుపు నాకెక్కడ వినబడేది? పెరుగు వడ్డించు, అమ్మాయి ఆకలితో ఉంది."

ఆంటీ పెరుగు వడ్డించారు. నా కంచంలో రెండు గరిటెలు ఎక్కువే పడ్డాయి.

ఆ కేసు తర్వాత నా పనిలో రెండు మార్పులు వచ్చాయి. టూరు ముందు ఏం తింటారు, ఏం తినరు అని అడగడంతో నేను ఆపను. రోజూ ఇంట్లో ఏది చెయ్యందే మీకు తోచదు అని కూడా అడుగుతాను. దీపం పెట్టేవాళ్ళకి చోటు నేనే ముందుగా మాట్లాడి పెడతాను. రెండోది, కోతల కాలంలో వెళ్ళేవాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పే మాట. ఎవరైనా పల్లపు గదిలో పడిపోతే వెనకే దిగొద్దు, బయట నిలబడి అరవండి. సొంతవాళ్ళయినా సరే.

ఆ ఆఖరి మాట దగ్గర భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. కొందరు నవ్వేస్తారు, కొందరికి నా మీద కోపం వస్తుంది. నేను ఆ మాట రెండోసారి కూడా చెబుతాను.